తల్లులు దిగిన బాయి

జమున పుట్టింది నస్పూర్‌లో, కంపెనీ కార్మికులకు ఇచ్చే రెండు గదుల క్వార్టర్లో. తండ్రి బిక్షం బాయిలో బొగ్గు నింపేవాడు. గోదావరికి ఇటూ అటూ ఉన్న ఆ పట్టణాల్లో బొగ్గుగనిని బాయి అనే అంటారు. ఇంటాయన బాయికి పోయిండంటే నీళ్లకు పోయాడని అక్కడ ఎవరూ అనుకోరు.

ఆమె మూడో తరగతిలో ఉన్నప్పుడు తండ్రి మొదటి షిఫ్టు దిగి వస్తూ టిఫిన్ డబ్బాలో ఒక రాతి పలక పెట్టుకొచ్చాడు. నల్లటి పలక మీద ఆకు అచ్చు. నడిమి ఈనె, దానికి రెండు పక్కలా సన్నటి ఈనెలు, ఇప్పుడే చెట్టు మీంచి రాలినట్టు.

“గీ ఆకు చెట్టు గిప్పుడు భూమ్మీద యాడ లేదట బిడ్డా. మా పని చూసే సర్దార్ చెప్పిండు,” అన్నాడు బిక్షం.

“మరి ఎప్పుడుండె నాయినా?”

ఆయన డబ్బా మూత పెట్టాడు. “నాకేం ఎర్క? నువ్వే సదువుకొని నాకు చెప్పు.”

ఆ మాట ఆయన స్నానం చేసి అన్నం తినేలోపే మర్చిపోయి ఉంటాడు. కూతురు మర్చిపోలేదు. మంచిర్యాలలో డిగ్రీ చదివింది, వరంగల్ పోయి జియాలజీలో పీజీ చేసింది, అక్కడే పీహెచ్‌డీకి చేరింది. బొగ్గు పొర మీద పైకప్పులా నిలిచే రాళ్ల గురించి ఆమె పరిశోధన. రాళ్లు కావాలంటే బాయిలోకి దిగాలి. ఆడమనిషి లోపలికి దిగడానికి అప్పట్లో ప్రత్యేక అనుమతి కావాలి. అది వచ్చేసరికి నెలలు పట్టింది. వచ్చాక చుట్టాలు మొదలుపెట్టారు, పెండ్లీడు పిల్లను బాయిల దింపుతవా అని. బిక్షం ఎవరికీ జవాబు చెప్పలేదు. కూతురు దిగిన రోజల్లా సెలవు పెట్టి బాయి ముందర నిలబడ్డాడు. ఆమె పైకి రాగానే, “అన్నం తిందువు దా,” అని మాత్రం అన్నాడు.

ఆ చదువుతోనే ఆమెకు గోదావరిఖని శివారులో ఉన్న యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో, మైనింగ్ శాఖలో, అధ్యాపకురాలిగా ఉద్యోగం దొరికింది. భర్త జగదీశ్వర్‌ది విద్యుత్ కేంద్రంలో కొలువు, కాపురం జ్యోతినగర్‌లో. పొద్దున్నే స్కూటర్ మీద వచ్చి, సంచిలోంచి ఒక రాయి తీసి బల్ల మీద పెట్టి, దీని కథ ఎవరు చెప్తరు అని క్లాసు మొదలుపెట్టే ఆమెకు పిల్లలు రాళ్ల మేడం అని పేరు పెట్టుకున్నారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెకు కోపం ఎక్కువ. వీరేందర్ అనే పిల్లవాడు వెనక బెంచీలో రోజూ నిద్రపోతుంటే, ఒకరోజు లేపి అందరి ముందూ బయటికి పంపింది. వాడు పుస్తకాలు సర్దుకుని పోయాడు. ఆ తర్వాత కాలేజీకే రాలేదు. వారం చూసి, మనసు ఊరుకోక, ఇల్లు వెతుక్కుంటూ పోయింది. తండ్రికి రాత్రి షిఫ్టు, పగలంతా ఒక గదిలో పడుకుంటాడు. రెండో గదిలో తల్లి బట్టలు కుడుతుంది, మిషను ఆగదు. వీరేందర్ చదువు తెల్లవారుజామున, క్వార్టర్ వెనక బట్టలుతికే బండ మీద.

“నాకు చెప్పొచ్చు గద?” అంది జమున.

“మీరు అడగలే మేడం,” అన్నాడు వాడు.

అందులో ఎగతాళి లేదు. ఉన్న మాట చెప్పాడంతే. మర్నాటి నుంచి ఆమె క్లాసులయ్యాక తన ల్యాబు తాళం తీసి ఉంచడం మొదలుపెట్టింది. చోటు లేని పిల్లలు అక్కడ కూర్చుని చదువుకునేవారు. ఎవరైనా తప్పు చేసినట్టు కనిపిస్తే ముందు అడగడం ఆమెకు అలవాటైంది. ఈ ఒక్క అలవాటుకే పిల్లలు ఆమె చుట్టూ చేరారు. వీరేందర్ చదువు పూర్తిచేసి, బాయిలో చిన్న ఆఫీసరుగా చేరి, పైకెదిగి మేనేజరయ్యాడు.

*

మైనింగ్ శాఖలో పెద్దాయన రఘుపతి సార్. ఆయన పుస్తకాల మనిషి కాడు. కంపెనీలో అండర్ మేనేజరుగా ఏళ్ల తరబడి బాయిలు దిగి, ఆ కొలువు వదిలి పాఠాలు చెప్పడానికి వచ్చినవాడు. కాలేజీలో ఒక గది నిండా చెక్కతో, సన్నటి కర్రలతో, ఇనుప తీగలతో బాయి నమూనా కట్టాడు. దాని సొరంగాలు, దన్ను స్తంభాలు, గాలి తోవలు అన్నీ స్వయంగా చేసినవే. జమునను మొదటి నుంచీ “జమునమ్మా” అని పిలిచేవాడు. ఇంటి నుంచి జొన్నరొట్టె తెస్తే సగం ఆమెకు తీసిపెట్టేవాడు.

శాఖకు హెడ్డు పదవి కొన్నేళ్లకొకసారి మారుతుంది. రిటైరయ్యే ముందు ఇంకోసారి తన వంతు వస్తుందని రఘుపతి సార్ అనుకున్నాడు. ప్రిన్సిపాల్ జమునను వేశాడు. ఆర్డరు వచ్చిన పొద్దున రఘుపతి సార్ స్టాఫ్ రూములో అందరూ వినేలా, “బాయిల ఒక్క షిఫ్టు చెయ్యని మనిషి మైనింగుకు హెడ్డు. మంచిగనే ఉన్నది,” అని లేచిపోయాడు. ఆ రోజు నుంచి రొట్టె రాలేదు, పిలుపూ పోయింది.

ఆ గదిలో వాళ్లిద్దరి మధ్య కుర్చీ మొయినుద్దీన్‌ది. సర్వేయింగ్ చెప్తాడు, నవ్వు మొహం మనిషి. రఘుపతి సార్ జమున వైపు తిరగకుండానే, “మొయినుద్దీన్, మేడంకు చెప్పు, నేను రేపు ల్యాబు తీస్కుంట అని,” అనేవాడు. మొయినుద్దీన్ తల ఇటు తిప్పి, “మేడం, సార్ రేపు ల్యాబు తీస్కుంటరట,” అనేవాడు. జమున జవాబు కూడా అదే తోవన పోయేది. నాలుగు రోజులు చూసి మొయినుద్దీన్, “ఇంట్ల మా అమ్మకు, భార్యకు నడుమ ఇదే పని. ఇక్కడ గూడ ఇదేనా?” అని తల పట్టుకున్నాడు.

అంతా నవ్వులాటలా నడిచిపోయేదే, ఆ ఏడు ఆడపిల్లల ట్రైనింగు రాకపోయి ఉంటే.

ఆడవాళ్లు ఆఫీసర్లుగా బాయిలోకి దిగవచ్చని చట్టం ఒప్పుకున్నాక కాలేజీలో అమ్మాయిలు మైనింగ్‌లో చేరడం మొదలైంది. జమున హెడ్డయిన ఏడాది మూడో సంవత్సరంలో పదకొండు మంది ఉన్నారు. ఎండాకాలంలో వాళ్లు బాయిలో ట్రైనింగు చెయ్యాలి. దానికి తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. నలుగురి ఇళ్లలో పెట్టారు, ఏడుగురి ఇళ్లలో లేదన్నారు.

ప్రిన్సిపాల్‌ది ఎలక్ట్రానిక్స్. ఆయనకు ఇదొక తలనొప్పి. “ఆడపిల్లలను ఓపెన్‌కాస్టుకు పంపుదాం మేడం. అక్కడ బొగ్గు నేల మీదినుంచే తవ్వుతారు కదా, పైనుంచి చూసి వస్తారు. మార్కులు వేసేద్దాం. ఎవరు అడుగుతారు?” అన్నాడు.

“రేపు ఉద్యోగానికి పోతే అడుగుతరు సార్. లోపల దిగినవా అంటే ఆ పిల్ల ఏం చెప్పాలె?” అంది జమున.

అక్కడ గట్టిగా మాట్లాడి వచ్చిన ఊపులో ఆమె తప్పు చేసింది. ట్రైనింగు షెడ్యూలు టైపు చేయించి, పిల్లలను బాయిలో నడిపించే బాధ్యుడిగా రఘుపతి సార్ పేరు వేసి, నోటీసు బోర్డు మీద పెట్టించింది. మధ్యాహ్నానికి ఆ కాగితం ఆమె బల్ల మీదికి వచ్చింది. ఎదురుగా రఘుపతి సార్ నిలబడి ఉన్నాడు. మొయినుద్దీన్ సాయం లేకుండా సూటిగా మాట్లాడాడు.

“నన్ను అడిగినవా?”

జమున ఆ కాగితాన్ని తన వైపు లాక్కుంది.

“నేను దింప. ఆడపిల్లలను అసలే దింప,” అని ఆయన వెళ్లిపోయాడు.

*

ముందు తల్లిదండ్రులను ఒప్పిస్తే సార్ సంగతి తర్వాత చూసుకోవచ్చని జమున ఇళ్లకు బయల్దేరింది. మొయినుద్దీన్ తోడు వచ్చాడు. ప్రమాదాలు ఎంత తగ్గాయో చూపించే బొమ్మలు, రక్షణ సామాన్ల ఫోటోలు ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని పోయారు.

రవళి అనే అమ్మాయి తల్లి కనకవ్వ కంపెనీ దవాఖానలో ఆయా. భర్త సదయ్య బాయిలో పైకప్పు కూలి చనిపోయాడు, ఆ మీదట ఆమెకు ఈ కొలువు ఇచ్చారు. కనకవ్వ ఇద్దరికీ చాయ్ పోసి ఇచ్చింది. బొమ్మలన్నీ ఓపికగా చూసింది. అంతా అయ్యాక నెమ్మదిగా అంది:

“మేడం, నువ్వు చెప్పేదంత మా ఆయనకు గూడ చెప్పిన్రు.”

జమున ల్యాప్‌టాప్ మూసేసింది. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ తెరవలేదు.

సాయంత్రం అఫ్రీన్ వాళ్లింటికి పోయారు. తండ్రి ఖాజా బాయిలో పైకప్పుకు దన్ను పెట్టే పని చేస్తాడు. అతను బిడ్డను పంపడానికి సిద్ధమే. తల్లి రుఖయ్యానే ఒప్పుకోవడం లేదు. ఈసారి జమున పాఠం చెప్పలేదు. “మీకు భయం దేనికక్కా?” అని అడిగి ఊరుకుంది.

రుఖయ్యా భర్త వైపు చెయ్యి చూపించింది. “ఈయనను అడుగుండ్రి, లోపల ఎట్లుంటదో. మంచిగనే ఉంటది అంటడు. పెండ్లయినప్పటిసంది అదే మాట. ఎండ ఉంటదా, గాలి ఉంటదా, యాడ కూసుంటవ్, యాడ తింటవ్ అంటే, మంచిగనే ఉంటది, సప్పుడు చెయ్యకు అంటడు. రోజు డబ్బా కట్టి పంపుతున్న, అది యాడికి పోతదో నాకు తెల్వది. కనవడని తాన మొగన్ని పంపిన. ఇగ బిడ్డను గూడ పంపాల్నా?”

ఖాజా గచ్చు వైపు చూస్తూ కూర్చున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు మొయినుద్దీన్ బండి నడుపుతుంటే జమున వెనక కూర్చుంది. కాలనీ దాటాక, “ముందు తల్లులను దింపుదాం,” అంది.

“యాడికి?”

“బాయిలకు.”

మొయినుద్దీన్ బండి పక్కకు ఆపేశాడు. “మేడం, పిల్లలనే పంపుత లేరంటే తల్లులను గూడనా?”

“వాళ్లు వద్దంటున్నది బాయిని కాదు మొయినుద్దీన్. తెల్వనిదాన్ని. చూస్తే కొందరికి భయం పోతది, కొందరికి పెరుగుతది. పెరిగినా సరే, తెలిసిన భయమైతది. దానితోటి మనం మాట్లాడొచ్చు.”

మర్నాడే ఆమె వీరేందర్‌కు ఫోను చేసింది. అతను మొదట పెద్దగా నవ్వాడు, తర్వాత ఆలోచించాడు. నడిచి దిగే బాయి ఒకటి తన కిందే ఉంది. ఆదివారం పొద్దున బొగ్గు పని ఉండదు, మరమ్మతులే. చూడటానికి వచ్చేవాళ్ల కింద పైనుంచి అనుమతి తెప్పించగలడు. “కానీ మేడం, బాయి తెలిసిన పెద్దమనిషి ఎవరైనా ముందు నడవాలె. రఘుపతి సార్ వస్తే నాకు ఫికర్ ఉండదు. సార్ రాకపోతే నాతోటి కాదు.”

*

రఘుపతి సార్ నమూనా గదిలో ఉన్నాడు. విరిగిన కర్ర స్తంభాన్ని జిగురుతో అతికిస్తున్నాడు. జమున తలుపు దగ్గరే ఆగి, “రావచ్చా సార్?” అని అడిగి, ఆయన తల ఊపాక వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

“మిమ్మల్ని అడగకుండ మీ పేరు రాసిన. నాదే తప్పు సార్. ఆ కాగితం తీసేయించిన.”

ఆయన కర్రను పట్టుకునే ఉన్నాడు. జిగురు ఆరేదాకా వదలకూడదు కాబట్టి లేచిపోవడానికీ లేదు.

“ఇంకోటి గూడ నేను ఎప్పుడు అడగలే. ఇన్నేండ్లు ఒక్క గదిల కూసున్నం. మీరు కంపెనీ ఎందుకు ఇడిసిపెట్టిన్రు సార్?”

ఆయన కర్ర అతుకును సరిచూశాడు. జమున తొందరపడలేదు. బయట పిల్లల గోల వినిపించి ఆగిపోయింది. అప్పుడు ఆయన అన్నాడు:

“సదయ్య అనేటోడు నా షిఫ్టుల పోయిండు. ఇంటికి పోయి చెప్పింది నేనే. తలుపు తీసింది చిన్న పిల్ల. మా నాయిన ఇంక రాలే, డ్యూటీల ఉన్నడు అన్నది. ఆ తర్వాత దిగుదామంటే నా కాళ్లు సాగలే జమునమ్మా. కొన్నాళ్లు కష్టంగ చేసిన, ఇడిసిపెట్టిన.” ఆయన కర్ర మీది జిగురును వేలితో తుడిచాడు. “ఆ పిల్ల గిప్పుడు నా క్లాసుల మూడో బెంచీల కూసుంటది. రవళి. నేను ఎవరో ఆమెకు తెల్వది. ఆమెను తోల్కపోయి నేను బాయిల దింపాల్నా?”

హెడ్డు పదవి కోసం అలిగాడని కాలేజీ అంతా అనుకుంది. జమున కూడా అదే అనుకుంది.

ఆమె మొహం చూసి ఆయనే అన్నాడు: “పదవి కోపం లేదని అనను. అది గూడ ఉన్నది.”

“ఉండాలె సార్. మీ వంతు అది. దాని సంగతి నేను ప్రిన్సిపాల్‌తోటి మాట్లాడి ఉండాల్సింది, మాట్లాడలే,” అంది జమున. తర్వాత కనకవ్వ ఇంట్లో జరిగింది చెప్పింది. ఆమె అన్న మాట అలాగే చెప్పింది. రుఖయ్యా గురించి, తల్లులను దింపే ఆలోచన గురించి చెప్పింది. ముందు నడవమని మాత్రం అడగలేదు.

“కనకవ్వ నన్ను చూస్తే ఏమంటదో,” అన్నాడు రఘుపతి సార్.

“నాకు తెల్వది సార్. అడిగి వస్త.”

ఆ సాయంత్రమే దవాఖాన దగ్గర డ్యూటీ దిగుతున్న కనకవ్వను కలిసి, రఘుపతి సార్ ఇక్కడే పాఠాలు చెప్తున్నాడని, ఆయనే ముందు నడిస్తే తల్లులందరూ దిగుతారని చెప్పింది. కనకవ్వ నడుస్తున్నది ఆగిపోయింది.

“ఆ రోజు మా ఇంటికొచ్చిన సారా?”

“అవునక్కా.”

“అయితే వస్త. ఆ సారును ఒక మాట అడిగేదున్నది.”

ఈ మాటను జమున రఘుపతి సార్‌కు చేరవేసింది. మర్నాడు పొద్దున ఆయన బీరువా అడుగు నుంచి తన పాత బూట్లు తీసి తుడుస్తూ కనిపించాడు.

*

ఆ ఆదివారం తొమ్మిది మంది తల్లులు వచ్చారు, సంతకం పెట్టినవాళ్లూ పెట్టనివాళ్లూ. బిడ్డలను రానివ్వలేదు. జమునే వద్దంది. పిల్లల ముందు తల్లులు భయపడలేరు, ఏడవలేరు అని ఆమె లెక్క.

ల్యాంప్ రూములో హెల్మెట్లు, టోపీ లైట్లు, నడుముకు బ్యాటరీలు ఇచ్చారు. చీరలు పైకి దోపుకుని గమ్ బూట్లు తొడుక్కుని ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. రుఖయ్యా బురఖా విప్పి మడిచి సంచిలో పెట్టి, భర్త పాత డ్యూటీ కోటు తొడుక్కుంది, దుపట్టా గడ్డం కింద ముడేసి దాని మీద హెల్మెట్ పెట్టింది. రఘుపతి సార్ ముందు, జమున అందరికన్నా వెనక నడిచారు. కనకవ్వ మధ్యలో ఉంది. సార్‌కు ఆమె ఇంకా ఎదురుపడలేదు.

ఏటవాలు సొరంగంలో కొంత దూరం దిగగానే పగలు వెనక చిన్న చుక్కలా మిగిలింది. తర్వాత అదీ పోయింది. ఉక్కపోత, తడి మట్టి వాసన, పక్క కాలవలో నీళ్ల చప్పుడు. రఘుపతి సార్ ఒకచోట ఆగి పాఠం మొదలుపెట్టాడు. పైకప్పు మందం, స్తంభాల కొలత, ఆక్సిజన్ శాతం. తల్లుల మొహాల మీద లైట్లు అటూ ఇటూ కదిలాయి. ఎవరి చెవికీ ఏమీ ఎక్కడం లేదు. జమున వెనక నుంచి ముందుకు వచ్చి, “సార్, ఆ కప్పు కొట్టి చూసేది వాళ్ల చేతికే ఇద్దామా?” అని మెల్లగా అడిగింది.

పైకప్పు గట్టిగా ఉందో లేదో చూడటానికి పొడుగాటి కర్రతో కొడతారు. రఘుపతి సార్ దాన్ని రుఖయ్యా చేతికిచ్చాడు. “ఇక్కడ కొట్టమ్మా.” ఖంగుమంది. “ఇప్పుడు ఇక్కడ.” అదీ ఖంగుమంది. గోడ వైపు, మనుషులు నిలవని మూల ఒకటి చూపించాడు. అక్కడ కొడితే డబ్బుమని బోలుగా పలికింది.

“పొర ఇడిసింది. అందుకే అక్కడ గుంజలు పెట్టినం, మనిషిని పోనియ్యం,” అన్నాడు.

“కుండ కొన్నట్టే గద!” అంది రుఖయ్యా. “పగిలిన కుండ గిట్లనే పలుకుతది.”

ఆ మాటతో అందరికీ దారి దొరికింది. కర్ర చేతులు మారింది. తల్లులందరూ చెవులు రిక్కించి కొట్టి చూశారు. ఇది మంచిది, ఇది కాదు అని వాదించుకున్నారు. జమున లైటు వేసి గట్టి ఇసుకరాయి ఎక్కడ ఆగి, పొరలు పొరలుగా ఊడే మెత్తటి రాయి ఎక్కడ మొదలైందో చూపించింది. తాను ఏళ్ల తరబడి కుర్రవాళ్లకు చెప్పిన పాఠమే. ఇంత శ్రద్ధగా విన్న క్లాసు ఆమెకు గుర్తు లేదు.

లోపలి మలుపులో మరమ్మతు పని మీద నలుగురు కార్మికులు ఉన్నారు. వాళ్లలో ఖాజా ఒకడు. భార్య తన కోటుతో, తలమీద లైటుతో రావడం చూసి తోటివాళ్ల వెనక్కి జరిగాడు. రుఖయ్యా కనిపెట్టింది.

“యాడ తింటవ్?” అంది.

“ఏందే, అందరి ముందర?”

“యాడ తింటవ్ అంటున్న.”

అతను గోడవార వేసిన చెక్క బల్ల చూపించాడు. ఆమె పోయి దాని మీద కూర్చుంది. చేత్తో బల్లను తడిమింది, పైకి చూసింది, కాలి కింద తడిని చూసింది. ఖాజా వచ్చి పక్కన కూర్చున్నాడు.

అందరి చూపూ అటుండగా కనకవ్వ రఘుపతి సార్ ముందుకు వచ్చి నిలబడింది.

“మా ఆయన ఇసొంటి తాననేనా సార్?”

“ఈ బాయి కాదు కనకవ్వా. కానీ ఇసొంటి తాననే.”

“కప్పు కూలింది అన్నరు. ఎట్ల కూలింది, ఆయన ఏం చేస్తుండె, ఎవ్వలు సక్కగ చెప్పలే. నాకు సక్కగ చెప్పు.”

జమున విన్నది. మిగతా తల్లులను “పక్క గ్యాలరీ సొరంగం చూద్దాం రండి” అని మలుపు అవతలికి తీసుకుపోయింది. పోతూ రుఖయ్యాను కూడా పిలిచింది. అయినా ఆ సొరంగంలో మాట ఎంత మెల్లగా అన్నా వినిపిస్తుంది. సార్ అన్నీ చెప్పాడు, దాచకుండా. సదయ్య ఎటు నిలబడి ఉన్నాడో, ముందు ఏ చప్పుడూ లేకుండా పొర ఎలా జారిందో, తాను పక్క గ్యాలరీ నుంచి ఉరికి వచ్చేసరికి ఎలా అయిపోయిందో.

“నొప్పి పడ్డడా?”

“పడలే అని చెప్పాలని ఉన్నది. నాకు తెల్వది కనకవ్వా. నేను వచ్చేవరకు మొఖం నిమ్మలంగ ఉండె.”

తర్వాత కనకవ్వ గొంతు వినిపించింది. “ఆ రోజు నువ్వు మా గడపల నిలవడ్డవు. కూసోమని గూడ అనలే నేను.”

ఆయన ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. ఆయన తేరుకునేదాకా లైటు ఆయన మొహం మీద పడకుండా తల పక్కకు తిప్పి నిలబడింది.

*

పైకి వచ్చాక వీరేందర్ అందరికీ చాయ్, బిస్కట్లు పెట్టించాడు. మొహాల మీద బొగ్గు మరకలతో తల్లులు ఎండలో కూర్చున్నారు. జమున సంతకాల ఊసు ఎత్తలేదు. ఎవరికి ఎట్లనిపించింది అని అడిగి, చెప్పింది విన్నది. ఒకామె, బయటికి వస్తే చాలనుకున్నా అంది. ఇంకొకామె, మళ్లీ ఎప్పుడు తోల్కపోతరు అంది.

కనకవ్వ ఖాళీ గ్లాసు పక్కన పెట్టింది. “ఆ కప్పు కొట్టి సూసుడు నా బిడ్డకు మంచిగ నేర్పుండ్రి సార్. చెవుల వడేటట్టు నేర్పుండ్రి,” అని రఘుపతి సార్‌తో అంది. సంతకం ఆమెదే మొదటిది.

రుఖయ్యా కూడా పెట్టింది. పెట్టి వీరేందర్ వైపు తిరిగింది. “బిడ్డ చిన్నది, చదువుకున్నది, పోతది. ఈయన మోకాళ్లు పోయినయి సార్. ఈయనను జల్ది మీదికి తీయుండ్రి.” తన మోకాళ్ల సంగతి ఖాజా ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. డాక్టరు చూసి కాగితం ఇచ్చాక అతనికి పైన పని దొరికింది.

లేదన్న ఏడుగురిలో ఐదుగురు ఒప్పుకున్నారు. ఇద్దరు ఒప్పుకోలేదు. వాళ్ల మీద జమున మాట పెంచలేదు. ఆ ఇద్దరు పిల్లలకు మొయినుద్దీన్ దగ్గర, మూతపడిన పాత బాయిల పైన భూమి ఎంత కుంగిందో కొలిచే పని అప్పగించింది. అది తక్కువ పని కాదని క్లాసులో అందరికీ తెలిసేలా, వాళ్ల చేతే పాఠంగా చెప్పించింది.

ట్రైనింగు మొదలైన రోజు రవళి, అఫ్రీన్, మిగతా పిల్లలు వరసగా దిగారు. ముందు రఘుపతి సార్ నడిచాడు. ఆ ఎండాకాలమంతా నడిచాడు. తల్లులు దిగిన మర్నాడే, సోమవారం, ఆయన స్టాఫ్ రూములో రొట్టె గిన్నె మూత తీసి, “జమునమ్మా, ఇగో,” అన్నాడు. మధ్యలో కూర్చున్న మొయినుద్దీన్, “ఇగ నా నౌకరీ పోయినట్టే,” అని గట్టిగా నవ్వాడు. ఆ తర్వాతి నెల జమున ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి, శాఖ ట్రైనింగు పనంతా రఘుపతి సార్ పేరున విడిగా ఒక బాధ్యతగా రాయించుకు వచ్చింది, ఈసారి ఆయనను అడిగాకే. రిటైరయ్యే రోజు దాకా ఆయన ఆ పని చేశాడు.

మరుసటి ఏడు కొత్త తగాదా వచ్చింది. మగపిల్లల తల్లులు ఇరవై మంది కాలేజీకి వచ్చి గేటు దగ్గర జమునను పట్టుకున్నారు. “మా కొడుకులు దిగుతలేరా మేడం? మమ్మల్నెందుకు తోల్కపోరు?” అని. నిజమే కదా అనుకుంది ఆమె. ఆ ఏడు నుంచి తల్లులందరూ దిగుతున్నారు. ఇద్దరు ముగ్గురు తండ్రులు కూడా వస్తున్నారు, బయట కిరాణా కొట్లు, మెకానిక్ షాపులు నడుపుకునేవాళ్లు.

రవళి చదువు ముగించి శ్రీరాంపూర్ వైపు ఒక బాయిలో ట్రైనీగా చేరింది. అఫ్రీన్ పై చదువుకు పోయింది. హెడ్డు పదవి ఇప్పుడు మొయినుద్దీన్‌ది. జమున మళ్లీ పూర్తిగా క్లాసుల్లో పడింది, ఆమెకు అదే ఇష్టం. కానీ బుర్ర ఊరుకోదు. పాత బాయిలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. వాటిలో నీళ్లు నిండుతున్నాయి, పైన భూమి మిగిలింది. దాన్ని ఏం చెయ్యాలో తెలిసిన ఇంజనీర్లు కావాలి. దాని మీద కొత్త కోర్సు పెట్టాలని కాగితాలు రాసుకుని, మొన్న శాఖ సమావేశంలో పెట్టింది.

మొయినుద్దీన్ చదివి కళ్లద్దాలు తీశాడు. “మంచిగుంది మేడం. కానీ ప్రిన్సిపాల్ ఒప్పుకోడు. ఈసారి ఎవర్ని దింపుదామంటరు?”

“ఆయననే,” అంది జమున. “వీరేందర్‌కు నిన్ననే ఫోన్ చేసిన. బూట్ల సైజు ఎంతో కనుక్కొమ్మన్నడు.”